అసలు ప్రాజెక్టులో ముప్పై ఏడు ఇళ్లు

మైథిలి ఏ దరఖాస్తునూ నేరుగా నింపదు. ముందు దాన్ని జిరాక్స్ తీయిస్తుంది. ఆ జిరాక్స్ మీద పెన్సిల్‌తో రాసుకుంటుంది. తండ్రి పేరు గళ్లలో పడుతుందా, సంతకానికి చోటు చాలుతుందా అని అన్నీ అక్కడే తేల్చుకుని, ఆ తర్వాతే అసలు కాగితం మీద పెన్ను పెడుతుంది. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో నాలుగేళ్లు ఉద్యోగ పరీక్షలకు చదివిన రోజుల్లో పట్టుబడిన అలవాటిది. ఒక్క కొట్టివేత కనిపించినా దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుందని ఆ గల్లీలో అందరికీ భయం. పరీక్షలేవీ గట్టెక్కలేదు, అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆమె ఉండేది ఢిల్లీ పక్కనే వైశాలిలో. తొమ్మిదేళ్ల కూతురు దీపు స్కూలు నుంచి ఏ ఫారం తెచ్చినా ముందు దానికి నకలు తీయాల్సిందే.

"మమ్మీ, యే నార్మల్ నహీ హై," అంటుంది దీపు.

"నార్మలో కాదో నాకు తెలీదు గానీ, నీ అడ్మిషన్ ఫారంలో ఒక్క తప్పు చూపించు చూద్దాం."

అసలును ముట్టుకోకూడదు. ప్రయోగాలన్నీ నకలు మీదే చేయాలి. మైథిలి బతుకులో ఇంత గట్టి నియమం మరొకటి లేదు. చివరకు ముప్పై ఏడు కుటుంబాల కొంప ముంచింది కూడా ఆ నియమమే.

ఆమెది అనకాపల్లి. భూగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే కోర్సు ఒకటి నేర్చుకుంది. ఏడేళ్లుగా సాకేత్‌లో పదకొండు మంది పనిచేసే ఒక చిన్న సర్వే కంపెనీలో ఉద్యోగం. యజమాని సుధీంద్ర అనంతపురం మనిషి. ప్రభుత్వ శాఖలు సర్వే పనులను ఇలాంటి కంపెనీలకు అప్పగిస్తాయి. మనుషుల ఇళ్లను లెక్కించే బాధ్యత ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి జారిందో ఆ ఇళ్లవాళ్లకు తెలియదు. టాబ్లెట్ పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డవాడే వాళ్లకు సర్కారు.

మురుగునాలా ఒడ్డున ఉన్న రత్నా క్యాంప్ సర్వే అలాగే వచ్చింది. బస్తీని ఖాళీ చేయించి, అర్హులైన వాళ్లకు ఫ్లాట్లు ఇస్తామన్నారు. సర్వే జాబితాలో పేరున్నవాళ్లే అర్హులు. పేరు లేని ఇంటికి వచ్చేది బుల్‌డోజరే.

సర్వే కోసం మైథిలి తన సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రాజెక్టు తయారుచేసింది. ప్రాజెక్టు అంటే ఒక పెద్ద సంచీ లాంటిది. బస్తీ పటం, అడగాల్సిన ప్రశ్నలు, ఇంటింటి జవాబులు, తలుపు ముందు నిలబెట్టి తీసిన ఫొటోలు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ప్రాజెక్టును సర్వేయర్లు తమ టాబ్లెట్లలోకి దించుకుని ఇంటింటికీ తిరుగుతారు. నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా జవాబులు టాబ్లెట్‌లో భద్రంగా ఉంటాయి. నెట్ తగలగానే ఆఫీసుకు చేరతాయి. చేరగానే ఆ ఇంటికి వరుస నంబరు పడుతుంది. దాన్ని పర్చీ అనే చిన్న చీటీ మీద రాసి ఇంటివాళ్ల చేతికిస్తారు.

మొదటి రోజు ప్రశ్నలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడడానికి మైథిలి స్వయంగా బస్తీకి వెళ్లింది. నాలా పక్క గల్లీలో ఉండగా భర్త ఉదయ్‌కిరణ్ ఫోన్ చేశాడు. ఆమె తెలుగులోనే బదులిచ్చింది.

"కుక్కర్ మూత కనబడకపోడమేటండీ? సింకు కింద చూడండి. అక్కడా లేదా? మరెక్కడికి పోతాది?"

వెనక నీలం ఇనుప తలుపు దగ్గర గిన్నెలు తోముతున్న ముసలామె పకపకా నవ్వింది. "గా మూత మా ఇంట్ల గూడ దొరకదు బిడ్డా. యే ఊరు మీది?"

ఆమె కాంతమ్మ. పాలమూరు వైపు నుంచి మేస్త్రీల గుంపుతో పంతొమ్మిదో ఏట ఢిల్లీ వచ్చింది. ఈ నగరంలో ఆమె సిమెంటు తట్ట ఎక్కని ఫ్లైఓవర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. భర్తా కొడుకూ పోయారు. కోడలు ఉమ సాకేత్‌లో ఒక మాల్‌లో నేల తుడుస్తుంది. ఆ నీలం తలుపు కూడా ఒక బంగళా కూలగొట్టిన పనిలో దొరికిందేనట. ఇంటికంటే తలుపే గట్టిదని తనే ఎగతాళి చేసుకుంది.

"మా ఇల్లు రాస్తవా బిడ్డా?"

"ఇవాళ ఉత్తి పరీక్షే పెద్దమ్మా. అసలు సర్వేకి దశరథ్ అని మా మనిషి వస్తాడు. ఆయన రాస్తాడు."

"మరువకుండ్రి. నాలా పక్కన ఉన్నమని మమ్ముల అందరు మరుస్తరు."

"మేం మరిచిపోం పెద్దమ్మా," అంది మైథిలి, తన ఫోన్ నంబరు రాసిచ్చి. తర్వాత ఆ మాట ఆమెకు ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో.

పని సగం దాటాక, ఒక గురువారం మధ్యాహ్నం శాఖ నుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఒక తలుపుకు ఒక కుటుంబం అని రాస్తూ వచ్చారు. ఇకమీదట మేడ మీద ఉండే కుటుంబాలను విడిగా రాయాలి. విడిగా రాయమన్నది వాళ్లకూ ఇల్లిద్దామని కాదు, 'అర్హత లేదు' అనే గడిలో వేయడానికి. మెట్లెక్కి పడుకునేవాడు మనిషి లెక్కలోకి రాడని ఏ చల్లటి గదిలో నిర్ణయమైందో మైథిలికి తెలియదు. ఆమెకు అందింది ఒక ఈమెయిలు మాత్రమే.

ప్రశ్నల వరస మొత్తం మారాలి. నడుస్తున్న ప్రాజెక్టులో అలా చేయి పెడితే అప్పటికే వచ్చిన జవాబులు చెదిరిపోవచ్చు. తీసేసిన ప్రశ్నతో పాటు దాని జవాబులూ మాయమవుతాయి. అందుకని మైథిలి తనకు తెలిసిన పద్ధతే పాటించింది. అప్పటిదాకా వచ్చిన వెయ్యిన్ని నాలుగు వందల పన్నెండు ఇళ్లతో సహా ప్రాజెక్టుకు నకలు తీసింది. నకలులో ప్రశ్నలు మార్చింది, నాలుగు ఉత్తుత్తి ఇళ్లు నింపి చూసి చెరిపేసింది. సాయంత్రం నాలుగింటికి వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టింది: ఇక నుంచి అందరూ కొత్త ప్రాజెక్టునే దించుకోండి.

ఒక్కటి చేయలేదు. పాత ప్రాజెక్టును మూసేయలేదు. కొత్త ఇళ్లు రాకుండా దానికి తాళం వేసే మీట ఉంది. ఆమెకు తెలుసు. కానీ అసలును ముట్టుకోవడం ఆమె ఒంట్లోనే లేదు. దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తేనే భద్రమనుకుంది.

ఆ గురు, శుక్ర, శనివారాలు దశరథ్ నాలా పక్క గల్లీలో ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. రెండు జనాభా లెక్కల్లో పనిచేసిన అనుభవం. ఆ గల్లీలో ఫోన్‌కు మాటలకు సరిపడా సిగ్నల్ ఉంటుంది గానీ నెట్ సరిగా అందదు. శనివారం ఉదయం సందేశం చూశాడు గానీ కొత్త ప్రాజెక్టు దించుకునేంత నెట్ దొరకలేదు. మొదలెట్టిన గల్లీ సగంలో వదలడం ఎందుకని చేతిలో ఉన్నదాంతోనే ముగించాడు. శనివారం సాయంత్రం ఆఫీసులో వైఫై తగలగానే ముప్పై ఏడు ఇళ్లూ చకచకా పైకెళ్లాయి. ఆకుపచ్చ టిక్ వచ్చింది. సోమవారం ఆ నంబర్లు పర్చీల మీద రాసి ఇంటింటికీ పంచి వచ్చాడు. అప్పటికి అతని టాబ్లెట్‌లోకి కొత్త ప్రాజెక్టు కూడా దిగింది. అతని దృష్టిలో లోటేమీ లేదు.

ఆ ముప్పై ఏడు ఇళ్లు పాత ప్రాజెక్టులోకి వెళ్లాయి. అది తాళం లేని ఇల్లు కదా, రమ్మంది. ఎవరూ చూడని చోట వాటిని పదిలంగా దాచింది. శాఖకు వెళ్లింది మాత్రం నకలు. అందులో నాలా పక్క గల్లీ ఖాళీ నేలగా ఉంది. మేడల మీది కుటుంబాలను విడగొట్టడంతో మొత్తం సంఖ్య అనుకున్నదానికంటే పెరిగింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మూడున్నర నెలల తర్వాత బస్తీ గోడ మీద జాబితా అతికించారు. ఆ రోజే కాంతమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మా గల్లీ మొత్తం లేదే."

"సరిగ్గా చూడమను పెద్దమ్మా, ఉమని. ఉంటాది."

"మూడు మాట్ల సూసింది. ముప్పై ఏడిండ్ల ఒక్కరి పేరు లేదు. పదిహేను దినాలల్ల చెప్పుకోవాల్నట. పర్చీ ఉన్నది గద నా తాన. ఒకటి నాలుగు మూడు ఒకటి."

మైథిలి శాఖకు పంపిన ప్రాజెక్టులో పద్నాలుగు వందల ముప్పై ఒకటో నంబరు తెరిచింది. వేరే గల్లీలో సునందా దేవి అనే ఎవరిదో ఇల్లు వచ్చింది. ఫొటోలో పచ్చ తలుపు. ఒక నిమిషం ఆమెకేమీ అర్థం కాలేదు. ఆ తర్వాత చేయి దానంతటదే పాత ప్రాజెక్టు మీదికి వెళ్లింది. పద్నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయి ఉండాల్సిన లెక్క పద్నాలుగు వందల నలభై తొమ్మిది చూపిస్తోంది. అందులోనూ ఒక పద్నాలుగు వందల ముప్పై ఒకటి ఉంది. నీలం తలుపు, దాని ముందు ఓటరు కార్డు పట్టుకుని ఎండకు కళ్లు చికిలించిన కాంతమ్మ.

అసలూ నకలూ రెండూ ఒకే అంకె దగ్గర విడిపోయాయి. ఆ తర్వాత దేని లెక్క అది కొనసాగించింది. ఒకే నంబరు ఇద్దరికి దక్కింది.

దశరథ్‌ను పిలిచి అడిగింది. అతను పాపం తెల్లబోయాడు. "గ్రీన్ టిక్ ఆ గయా థా, మేడమ్‌జీ," అని ఒకటే మాట నాలుగుసార్లు అన్నాడు. టిక్ వచ్చిన మాట నిజమే. అతన్ని ఏమనగలదు?

మైథిలి ఆ మధ్యాహ్నం తిండి మానేసి కూర్చుంది. శాఖకు పంపిన దానికి మరో నకలు తీసింది. అందులో ముప్పై ఏడు ఇళ్లనూ కొత్త నంబర్లతో చేర్చింది. పటం మీద నాలా పక్క ఖాళీ నిండింది. పొరపాటు సరిదిద్దడానికి సాఫ్ట్‌వేర్‌లో పట్టిన సమయం మూడు గంటలు. దాన్ని పట్టుకుని సుధీంద్ర గదిలోకి వెళ్లింది.

అంతా విని ఆయన కళ్లజోడు తీశాడు. "పాతదానికి లాక్ వేయలేదా నువ్వు?"

"అసలుని ముట్టుకోను సార్ నేను."

"బాగుండాది. ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, దశరథ్‌కి. ఇప్పుడు మీకు."

"ఆడికే ఉండనీ."

"సార్, జనం ఉంటున్న ఇళ్లు సార్. ఫొటోలతో సహా ఉన్నాయి. కలిపేశాను కూడా, పంపించడమే."

"అమ్మా, నేను చెప్పేది విను. మేం తప్పు చేసినామని మనమే రాస్తే ఆ ముప్పై ఏడిండ్లు చేరుస్తారనుకుంటాండావా? మిగిలిన రెండు వేల ఇండ్ల సర్వే కూడా తప్పే అంటారు. ఎవుడో కోర్టుకు పోతాడు. లిస్టంతా ఆగిపోతాది. ఫ్లాటు వచ్చిందని సంతోషపడినోళ్ల ఉసురు ఎవురికి తగులుతాది? నీకా, నాకా?"

ఇలాంటి మాటలతోనే మంచివాళ్ల నోళ్లు మూయిస్తారు. వందమంది పేరు చెప్పి పదిమందిని వదిలేయమంటారు. ఆ వందమందికీ సగం సగం న్యాయమే ఎందుకు చేశారని ఎవరూ అడగకుండా చూసుకుంటారు. మైథిలికి ఇదంతా తెలుసు.

ఆమె కదలకుండా నిలబడేసరికి, సుధీంద్ర విసుగ్గా ఒక ఈమెయిలు పంపాడు. తప్పు అనే మాట లేకుండా, 'అనుబంధ సమాచారం' అని రాశాడు. నాలుగు రోజులకు శాఖ నుంచి రెండు వాక్యాల జవాబు: గడువు తేదీ తర్వాత చేర్పులు స్వీకరించబడవు. బాధితులు తమ సర్వే నంబరుతో అభ్యంతరం దాఖలు చేసుకోవచ్చు.

సర్వే నంబరుతో! ఆ గల్లీవాళ్లకు తమదంటూ లేనిది ఆ నంబరే.

అయినా కాంతమ్మతో కలిసి అభ్యంతరాలు తీసుకోవడానికి బస్తీలో వేసిన శిబిరానికి వెళ్లింది. టెంటు కింద కంప్యూటర్ ముందున్న గుమాస్తా పర్చీ చూసి నంబరు కొట్టాడు. పచ్చ తలుపు వచ్చింది.

"యే నంబర్ తో కిసీ ఔర్ కా హై, అమ్మా. ఫర్జీ పర్చీ లాయీ హో?"

ఇంకొకరి నంబరుతో దొంగ పర్చీ తెచ్చావా అని అతను అడుగుతుంటే వరసలో ఉన్నవాళ్లు కాంతమ్మ వైపు చూశారు. ముప్పై ఏళ్లకు పైగా అదే గల్లీలో బతికిన మనిషి పర్చీని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "నేను దొంగనా బిడ్డా?" అని మైథిలిని అడిగింది. గుమాస్తాను కాదు.

మైథిలి కంపెనీ గుర్తింపు కార్డు సంచీలో ఉంది. బయటికి తీయడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు. తీసింది. ఆ ప్రాజెక్టు తయారుచేసింది తనేనని, రెండు నంబర్లు ఎలా పడ్డాయో, ఆ పర్చీ ఎందుకు నిజమైనదో హిందీలో వివరించింది. గుమాస్తా మర్యాదగానే విన్నాడు.

"అచ్ఛా. కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకు రండి మేడమ్. మీ మాట మీద నేను ఎక్కించలేను."

లెటర్‌హెడ్ సుధీంద్ర సొరుగులో ఉంది. ఆయన ఇవ్వలేదు. "నా మెడకు తాడు నన్నే పేనుకోమంటాండావు," అన్నాడు. పాత ప్రాజెక్టు ఉంటే గందరగోళమని, సాఫ్ట్‌వేర్‌లో దేన్నైనా తీసేసే అధికారమున్న ఖాతా తన దగ్గరే ఉంది కాబట్టి, ఆ వారమే దాన్ని తొలగించాడు. మైథిలి అంతకుముందే దానికి నకలు తీసి తన పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది. ఇందులో ఆమె ధైర్యమేమీ లేదు. అలవాటంతే.

ఉత్త తెల్ల కాగితం మీద తనే ఒక అర్జీ రాసింది. ఎప్పటిలాగే ముందు పెన్సిల్‌తో. 'ఈ పొరపాటు నాది. ఇళ్లవాళ్లది కాదు' అని పెన్నుతో రాస్తున్నప్పుడు ఉదయ్‌కిరణ్ భుజం మీదుగా చదివాడు.

"ఉద్యోగం పోతాది మైథిలీ."

"తెలుసండీ."

"పోయినా వాళ్లకి ఇల్లొస్తాదా?"

ఆమె అర్జీ కింద సంతకం పెట్టింది. మర్నాడు శాఖ కార్యాలయంలో కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకుని, డైరీ నంబరు రాయించుకుని వచ్చింది. తర్వాత ఆరుసార్లు వెళ్లింది. ఫైలు పైన ఉందన్నారు. పైనుంచి కిందికి వస్తోందన్నారు. సంబంధిత అధికారి సెలవన్నారు. ఉచిత న్యాయ సలహా ఇచ్చే ఒక వకీలు మంచామె, కేసు వేసింది. మొదటి వాయిదా నాలుగు నెలల తర్వాత పడింది.

బుల్‌డోజర్లు నాలుగు నెలలు ఆగలేదు. ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి వచ్చాయి. మైథిలి ఆఫీసు నుంచి పరుగెత్తుకు వచ్చేసరికి నాలా పక్క గల్లీ సగం నేలమట్టమైంది. పోలీసులు తాడు కట్టారు. ఉమ మాల్ యూనిఫాంలోనే బీరువా మోస్తోంది. కాంతమ్మ తన నీలం తలుపును బందుల నుంచి ఊడదీయమని ఎవరినో బతిమాలుతోంది. ఆ తలుపైనా దక్కుతుందని. యంత్రం తొండం ఒక్కసారి దిగింది. తలుపు గోడతో పాటు మడతపడి ఇటుకల కిందికి పోయింది.

మైథిలి తాడు ఇవతల నిలబడి గట్టిగా అరవాలనుకుంది. ఏమని అరవాలి? ఈ ఇల్లు నా దగ్గర ఉంది అనా?

వారం తర్వాత వైశాలి మెట్రో పక్క జిరాక్స్ దుకాణంలో ముప్పై ఏడు ఇళ్ల వివరాలూ ఫొటోలూ అచ్చు తీయించింది. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క ప్రతి, వకీలుకు ఒక కట్ట. రత్నా క్యాంప్ నుంచి చెదిరినవాళ్లలో ఇరవై మూడు కుటుంబాలే దొరికాయి. తక్కినవాళ్లు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఏ పటంలోనూ లేరు.

కాంతమ్మ, ఉమ వంతెన కింద ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉన్నారు. మైథిలి కాగితం ఇచ్చింది. కాంతమ్మ ఫొటోను దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"గిదెందుకు బిడ్డా? నా ఇల్లు నాకెరుక లేదా?"

"కోర్టులో చూపిస్తారు పెద్దమ్మా. ఇల్లు ఉండేదని రుజువు."

"ఇల్లే ఉన్నప్పుడు నమ్మలే. బొమ్మను నమ్ముతరా?"

ఉమ నీళ్ల బిందె దించి, "ఊకో అత్తా. ఆమె మీద అరిస్తె ఏమొస్తది?" అంది.

"అరుస్తలేనే. అడుగుతున్న."

మైథిలి సంచీలోంచి ఇంకో కాగితం తీసింది. అదే ఫొటో, అదే వివరాలు. "ఇది నకలు. అసలుది జాగ్రత్తగా దాచుకో పెద్దమ్మా, ఎవరైనా అడిగితే ఇదే ఇవ్వు," అంది. నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ, తానేమందో ఆమెకు తెలియలేదు.

కాంతమ్మ కోప్పడలేదు. రెండు కాగితాలూ మడిచి, ఓటరు కార్డూ పర్చీ ఉన్న పాలిథిన్ కవరులో పెట్టి, దాని మూతి ముడివేసి ఉమకు ఇచ్చింది. వాన మొదలైంది. ముగ్గురూ పట్టా అంచు నుంచి లోపలికి జరిగారు. అక్కడ ముగ్గురికి చోటు చాలలేదు. మైథిలి బయటికి వచ్చి నిలబడింది.